తెలుగు పేజీని ఎవరు దిద్దగలరు? పైథాన్ లైబ్రరీల ఎంపికకు ఖరగ్‌పూర్ నేర్పే కొలత

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఆ నిర్ణయం గురించి మాట్లాడిన వారందరూ తలచుకున్న ఊరు ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వాళ్లు ఆ ఊరి రైల్వే పనుల్లో చేరి అక్కడే స్థిరపడ్డారు. తరాలు మారినా ఇళ్లలో తెలుగు నిలిచింది. బెంగాలీ, హిందీ, ఒడియా, సంతాలీ మాట్లాడే వాళ్ల మధ్య తెలుగు కూడా వినిపించే ఊరు కాబట్టే దానికి ‘మినీ ఇండియా’ అన్న పేరు వచ్చింది.

గుర్తింపు కాగితం మీద వచ్చాక అసలు పని మొదలవుతుంది. నోటీసులు, దరఖాస్తు ఫారాలు, వైద్య శిబిరాల తేదీలు, పరీక్షల వివరాలు తెలుగులో కనిపించాలి. వాటిలో చాలా భాగాన్ని ఇప్పుడు మనం ఫోన్ తెర మీదే చదువుతున్నాం. ఒక కార్యాలయమో, స్వచ్ఛంద సంఘమో, కాలేజీ విద్యార్థుల బృందమో ఇలాంటి పేజీ తయారుచేయాలనుకుంటే, వాళ్లలో ఎవరో ఒకరికి పైథాన్ వచ్చి ఉంటుంది. అక్కడే ఒక ప్రశ్న ఎదురవుతుంది: పైథాన్‌లో వెబ్ పేజీలు తయారుచేసే లైబ్రరీలు ఇన్ని ఉన్నాయి కదా, ఏది తీసుకోవాలి?

ఈ ప్రశ్నకు సాధారణంగా దొరికే జవాబులు వేగం గురించో, ఎన్ని లైన్ల కోడ్‌తో పని అవుతుందన్న దాని గురించో ఉంటాయి. నా అభిప్రాయంలో మన భాషల పేజీలకు అంతకంటే ముందు చూడాల్సిన కొలత ఒకటి ఉంది. పేజీలో ఒక తెలుగు వాక్యం తప్పుగా పడితే, పైథాన్ రాని తెలుగు ఉపాధ్యాయురాలు దాన్ని తానే దిద్దగలదా? దిద్దగలిగే ఏర్పాటు ఇచ్చే లైబ్రరీని ఎంచుకోవాలి. మిగతా లెక్కలన్నీ తరువాత చూసుకోవచ్చు.

అప్పటికప్పుడు తయారయ్యే పేజీ

ముందు మాటల అర్థం చూద్దాం. రైల్వే స్టేషన్‌లో రెండు రకాల బోర్డులు ఉంటాయి. ‘ఖరగ్‌పూర్’ అని పేరు రాసిన బోర్డు ఏళ్ల తరబడి మారదు. రైళ్ల రాకపోకలు చూపే బోర్డు నిమిషనిమిషానికీ మారుతుంది. అయితే ఆ రెండో బోర్డులో కూడా గళ్లు, శీర్షికలు స్థిరంగా ఉంటాయి. మారేది రైలు పేరు, సమయం, ప్లాట్‌ఫారం సంఖ్య మాత్రమే.

డైనమిక్ హెచ్‌టీఎంఎల్ పేజీ ఈ రెండో బోర్డు లాంటిది. పాఠకుడు అడిగినప్పుడు సర్వర్‌లోని ప్రోగ్రామ్ డేటాబేస్ నుంచి వివరాలు తీసి, సిద్ధంగా ఉన్న చట్రంలో నింపి, హెచ్‌టీఎంఎల్‌గా పంపుతుంది. తొలిరోజుల్లో పైథాన్‌లో ఈ పనికి సీజీఐ అనే పద్ధతి వాడేవారు. దాని కోసం పైథాన్‌తో పాటే వచ్చే మాడ్యూల్‌ను 2024 అక్టోబరులో వచ్చిన 3.13 వెర్షన్‌లో తొలగించారు. అప్పటికే దాని స్థానంలోకి ఎన్నో లైబ్రరీలు వచ్చేశాయి. వాటిని మూడు కుటుంబాలుగా చూస్తే పోల్చడం తేలిక.

మొదటిది టెంప్లేట్ కుటుంబం. ఇందులో చట్రం వేరే ఫైలులో ఉంటుంది. చూడ్డానికి అది మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలాగే ఉండి, మారే చోట్ల మాత్రం గుర్తులు పెట్టి ఉంటుంది. జాంగోతో వచ్చే టెంప్లేట్ భాష, ఫ్లాస్క్‌తో ఎక్కువగా వాడే జింజా, మాకో, కమీలియన్ ఈ కుటుంబానివి.

రెండోదాంట్లో వేరే టెంప్లేట్ ఫైలు ఉండదు. పేరా, పట్టిక, లంకె వంటి ప్రతి ట్యాగునూ పైథాన్ ఫంక్షన్‌గా పిలిచి పేజీని కోడ్‌లోనే కడతారు. డామినేట్, హెచ్‌టీపై, 2024లో వచ్చిన ఫాస్ట్‌హెచ్‌టీఎంఎల్ ఈ దారిలో నడుస్తాయి.

మూడో కుటుంబంలో హెచ్‌టీఎంఎల్ ఊసే ఎత్తనక్కర్లేదు. ‘ఇక్కడ ఒక పట్టిక, అక్కడ ఒక గ్రాఫు’ అని పైథాన్‌లో చెబితే చాలు, మిగతాది లైబ్రరీ చూసుకుంటుంది. స్ట్రీమ్‌లిట్, డాష్ ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణలు.

వార్తాపత్రిక ఆఫీసులో పుట్టిన ఆలోచన

జాంగో పుట్టుక మన చర్చకు పనికొస్తుంది. 2003లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణంలో ‘లారెన్స్ జర్నల్ వరల్డ్’ అనే వార్తాపత్రిక వెబ్ విభాగంలో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ దాన్ని మొదలుపెట్టారు. 2005లో అందరికీ విడుదలైంది. పత్రికలో ప్రోగ్రామ్ రాసేవాళ్లు వేరు, పేజీ అందం చూసేవాళ్లు వేరు, వార్తలు రాసేవాళ్లు వేరు. అందుకే జాంగో టెంప్లేట్ భాషను కావాలనే పరిమితంగా ఉంచారు. అందులో చిన్న షరతులు, జాబితాను వరుసగా చూపడం, విలువల రూపం మార్చడం వంటివి కుదురుతాయి. అసలు లెక్కలు మాత్రం పైథాన్ ఫైలులోనే చేయాలి.

ఆ తరువాత ఆర్మిన్ రోనాకర్ రాసిన జింజా ఈ శైలినే తీసుకుని కొంచెం స్వేచ్ఛ ఇచ్చింది. టెంప్లేట్‌లోనే ఫంక్షన్లకు విలువలు ఇచ్చి పిలవవచ్చు, చిన్న వ్యక్తీకరణలు రాయవచ్చు. మాకో ఇంకా ముందుకు వెళ్లి పైథాన్ కోడ్‌నే టెంప్లేట్‌లో రాయనిస్తుంది. ప్రోగ్రామర్‌కు అది హాయి. కానీ హెచ్‌టీఎంఎల్, పైథాన్ కలగలిసిన ఫైలును ఇంకొకరి చేతికి ఇవ్వడం కష్టం. కమీలియన్ ఇందుకు పూర్తిగా భిన్నం. సూచనలన్నీ ట్యాగుల లక్షణాల్లో దాగి ఉంటాయి కాబట్టి, దాని టెంప్లేట్ ఫైలును నేరుగా బ్రౌజర్‌లో తెరిచినా పేజీ రూపం కనిపిస్తుంది. వాడేవాళ్లు తక్కువ కాబట్టి చిక్కు వచ్చినప్పుడు సాయం దొరకడం కూడా తక్కువే.

వాక్యాలను కోడ్ నుంచి వేరు చేయడం

ఖరగ్‌పూర్ లాంటి ఊరికి ఒక వైద్య శిబిరాల పేజీ చేయాలని అనుకుందాం. అది కనీసం తెలుగు, బెంగాలీ, హిందీ, ఇంగ్లిష్ భాషల్లో ఉండాలి. నాలుగు భాషలకూ నాలుగు పేజీలు విడివిడిగా రాస్తే కొన్నాళ్లకు ఒకటి మారి మిగతా మూడు పాతవి మిగిలిపోతాయి. చట్రం ఒక్కటే ఉండి, వాక్యాలు మాత్రం భాషను బట్టి మారాలి.

దీనికి గెట్‌టెక్స్ట్ అనే పాత, నమ్మకమైన పద్ధతి ఉంది. టెంప్లేట్లలో అనువదించాల్సిన వాక్యాలకు గుర్తు పెడతాం. ఒక సాధనం వాటన్నిటినీ ఏరి ఒక ఫైలులో పెడుతుంది. అనువాదకురాలు ఆ ఫైలును పోఎడిట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మూల వాక్యం చూసి దానికి తెలుగు వాక్యం రాస్తుంది. కోడ్ ఆమె కంటపడదు. ఆమె ఏం రాసినా ప్రోగ్రామ్ తర్కం మారదు.

జాంగోలో ఈ ఏర్పాటు మొదటి నుంచీ భాగమే. తెలుగు, బెంగాలీ, హిందీ మూడూ దాని భాషల జాబితాలో ఉన్నాయి. జింజాకు దీని కోసం ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది, బేబెల్ లైబ్రరీ దానికి తోడవుతుంది. కమీలియన్ టెంప్లేట్‌లోనూ అనువాదానికి ప్రత్యేక గుర్తులు ఉన్నాయి. రెండో కుటుంబంలో పేజీ అంతా పైథానే కాబట్టి మామూలు పైథాన్ గెట్‌టెక్స్ట్ పనిచేస్తుంది. అయితే ఒక పేరాను పైకి జరపాలన్నా, శీర్షిక కింద ఒక గీత పెట్టాలన్నా ప్రోగ్రామర్‌నే పిలవాలి. స్ట్రీమ్‌లిట్‌లో ప్రతి వాక్యాన్నీ మనమే ఏర్పాటు చేసుకుని అనువదించుకోవాలి. ఇది ఏ భాషలో ఉన్న పేజీ అని బ్రౌజర్‌కు చెప్పే చోటు కూడా సులభంగా మన చేతికి రాదు. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ సమాచారమే ఆధారం. అది లేకపోతే చూపులేని పాఠకుడికి తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ గొంతు చదవబోయి తడబడుతుంది.

అనువాద ఫైలు ఒక్కటే ఉంటే సరిపోదు, వాక్యం మొత్తాన్ని ఒక ముక్కగా ఇవ్వాలి. ‘10లో 3’ అన్నప్పుడు ఇంగ్లిష్‌లో 3 ముందు వస్తుంది, తెలుగులో 10 ముందు వస్తుంది. కాబట్టి ఖాళీలకు పేర్లు పెట్టాలి, అప్పుడు అనువాదకురాలు వాటి వరుస మార్చుకోగలదు. ‘1 శిబిరం ఉంది’, ‘5 శిబిరాలు ఉన్నాయి’ అన్నప్పుడు తెలుగులో నామవాచకమూ, క్రియా రెండూ మారాయి. బెంగాలీలో అంకె తరువాత నామవాచకం అలాగే ఉండిపోతుంది. గెట్‌టెక్స్ట్ ఏకవచనానికి, బహువచనానికి వేర్వేరు వాక్యాలు రాసుకోనిస్తుంది. ‘5 మాత్రలు’, ‘ఐదుగురు రోగులు’ అన్న తేడా మాత్రం ఏ లైబ్రరీకీ తెలియదు. దాన్ని మనిషే రాయాలి.

విభక్తుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ‘ఊరి పేరు, దాని పక్కన కు’ అని టెంప్లేట్‌లో రాశామనుకుందాం. ఖరగ్‌పూర్‌కు అన్నప్పుడు బాగానే ఉంటుంది. అదే చోట విశాఖపట్నం వస్తే ‘విశాఖపట్నంకు’ అని పడుతుంది. ‘విశాఖపట్నానికి’ అని ఉండాలని తెలుగు చదివే ప్రతివాళ్లకూ తెలుసు, ప్రోగ్రామ్‌కు తెలియదు. ‘చేరే ఊరు: విశాఖపట్నం’ అని వాక్యాన్నే మార్చుకోవడం దీనికి సులువైన పరిష్కారం. ఆ ఉపాయం తట్టేది తెలుగు బాగా వచ్చిన మనిషికి. అందుకే ఆ మనిషి చేతికి అందే చోట వాక్యం ఉండాలని పట్టుబడుతున్నాను.

ఇంటర్‌లాకింగ్ పాఠం

రెండో కొలత భద్రత. ఈ మాట రైల్వే ఊరివాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎన్నో లైన్లు కలిసి విడిపోయే ఖరగ్‌పూర్ లాంటి జంక్షన్‌లో ఒకదానికొకటి అడ్డువచ్చే రెండు దారులకు ఒకేసారి సిగ్నల్ పడకుండా ఇంటర్‌లాకింగ్ ఆపుతుంది. ఉద్యోగి జాగ్రత్తగా ఉండాలి, నిజమే. కానీ అతని జ్ఞాపకశక్తి మీదే ప్రయాణికుల ప్రాణాలు ఆధారపడకూడదన్నది ఆ ఏర్పాటు వెనుక సూత్రం.

వెబ్ పేజీలో దీనికి సమానమైనది ఆటో ఎస్కేపింగ్. పేజీలోని ఫారంలో ఎవరో తన పేరుకు బదులు ఒక స్క్రిప్ట్ ట్యాగు రాశారనుకోండి. దాన్ని అలాగే పేజీలో పెడితే, తరువాత ఆ పేజీ తెరిచిన వాళ్లందరి బ్రౌజర్లలో ఆ స్క్రిప్ట్ నడుస్తుంది. ఎస్కేప్ చేస్తే అది కేవలం అక్షరాలుగా కనిపిస్తుంది, హాని చేయదు.

ఇక్కడ లైబ్రరీల మధ్య తేడా స్పష్టంగా ఉంది. జాంగో, కమీలియన్ మన ప్రమేయం లేకుండానే ఎస్కేప్ చేస్తాయి. జింజాను ఫ్లాస్క్ ద్వారా వాడితే హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లకు ఆ రక్షణ ఉంటుంది. జింజాను విడిగా వాడితే మామూలుగా ఉండదు, మనమే ఆన్ చేయాలి. మాకోలోనూ మనమే అమర్చుకోవాలి. రెండో కుటుంబపు లైబ్రరీలు ట్యాగు ఏది, పాఠ్యం ఏది అన్నది మొదటి నుంచీ వేరుగా చూస్తాయి కాబట్టి సాధారణంగా పాఠ్యాన్ని ఎస్కేప్ చేస్తాయి. ఇది వాటికి దక్కాల్సిన మంచి మార్కు.

అన్నిటికంటే ప్రమాదం, ఏ లైబ్రరీ లేకుండా పైథాన్ ఎఫ్ స్ట్రింగ్‌తో పేజీని అతికించడం. చిన్న పనికి అది తేలికే, కానీ రక్షణ సున్నా. 2025 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.14లో టీ స్ట్రింగ్ అనే కొత్త రూపం చేర్చారు. అందులో స్థిరంగా ఉన్న భాగం, మధ్యలో చేర్చిన విలువ వేర్వేరుగా అందుతాయి. దాన్ని ఆధారం చేసుకుని లైబ్రరీలు విలువలను మాత్రమే ఎస్కేప్ చేయగలవు. అయితే ఆ పని టీ స్ట్రింగ్ తనంతట తాను చేయదు, చేసే లైబ్రరీ ఉండాలి.

ఆటో ఎస్కేపింగ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. లంకె చిరునామాలోకి, స్క్రిప్ట్ మధ్యలోకి వెళ్లే విలువలను విడిగా తనిఖీ చేయాలి. బయటివాళ్లకు అనువాద ఫైలు ఇవ్వవచ్చు గానీ టెంప్లేట్ ఫైలు ఇవ్వకూడదు. జింజా టెంప్లేట్ దిద్దే అధికారం దుర్బుద్ధి గలవాడి చేతికి వెళితే సర్వర్‌లోనే కోడ్ నడిపించే దారులు వెతుకుతాడు. అనువాదం వేరు, టెంప్లేట్ వేరు అన్న విభజన ఇక్కడ భద్రతకు కూడా ఉపకరిస్తుంది.

కమల పేరు చెల్లుతుంది, సీత పేరు చెల్లదు

మూడో కొలత తెలుగు లిపి. పైథాన్ 3లో ప్రతి స్ట్రింగూ యూనికోడే కాబట్టి తెలుగుకు ఇబ్బంది ఉండదని చాలామంది అనుకుంటారు. చూపించడం వరకు అది నిజమే. కోయడం, వెతకడం, సరిచూడటం దగ్గర చిక్కులు మొదలవుతాయి.

ఊరి పేరునే తీసుకుందాం. ఖరగ్‌పూర్ అన్న పేరులో మన కంటికి ఖ, ర, గ్, పూ, ర్ అనే 5 ముక్కలు కనిపిస్తాయి. పైథాన్‌ను పొడవు అడిగితే 9 అంటుంది. పొల్లు గుర్తులు రెండు, దీర్ఘం ఒకటి విడిగా లెక్కకు వస్తాయి. తొమ్మిదోది కంటికి కనిపించని గుర్తు. ‘గ్’ తరువాత ‘ప’ ఒత్తుగా కిందికి దిగకుండా ఆపడానికి దాన్ని పెడతారు. అది లేకుండా టైపు చేస్తే ‘ఖరగ్పూర్’ అని పడుతుంది. మనిషికి రెండూ ఒకే ఊరు. ప్రోగ్రామ్‌కు రెండూ వేర్వేరు పదాలు. డేటాబేస్‌లో ఒక రూపం ఉండి, పాఠకుడు రెండో రూపంతో వెతికితే ‘ఫలితాలు లేవు’ అని వస్తుంది. వెతకడానికి వాడే ప్రతిలో ఆ గుర్తును రెండు వైపులా తీసేసి, చూపించే ప్రతిలో ఉంచుకోవాలి. ఇది ఏ లైబ్రరీ మన కోసం చేయదు.

ఇంతకంటే విచిత్రమైనది ఇంకొకటి. పైథాన్‌లో ‘పదంలో ఉండదగిన అక్షరం’ అన్న నియమానికి అచ్చుల గుర్తులు, పొల్లు లొంగవు. గుణింతపు గుర్తును అది అక్షరంగా ఒప్పుకోదు. జాంగోలో శీర్షిక నుంచి పేజీ చిరునామా తయారుచేసే స్లగిఫై ఈ నియమం మీదే నడుస్తుంది. యూనికోడ్ అక్షరాలను ఉంచమని చెప్పినా ‘తెలుగు’ అన్న మాట ‘తలగ’ అయిపోతుంది. ఉంచమని చెప్పకపోతే ఖాళీయే మిగులుతుంది. జాంగోతో వచ్చే ఖాతా పేర్ల తనిఖీ కూడా ఇదే నియమాన్ని వాడుతుంది. కాబట్టి ‘కమల’ అని తెలుగులో ఖాతా పేరు పెట్టుకోవచ్చు. ‘సీత’ అని పెట్టుకోబోతే చెల్లని అక్షరాలు ఉన్నాయని తిప్పి పంపుతుంది. కమల పేరులో గుణింతపు గుర్తులు లేవు, సీత పేరులో దీర్ఘం ఉంది. తేడా అంతే.

నేను సిఫారసు చేస్తున్న లైబ్రరీలో ఉన్న లోపం ఇది. దీన్ని దాచిపెట్టి పొగడటం సరికాదు. పేజీ చిరునామాలకు సంఖ్యలు వాడుకోవచ్చు, ఖాతా పేరు తనిఖీని మన నియమంతో మార్చుకోవచ్చు. ఆ మార్పుకు జాంగోలో చోటుంది. అక్షరాలను ముక్కలుగా సరిగ్గా లెక్కించాలంటే రెజెక్స్ అనే వేరే పైథాన్ లైబ్రరీ ఉంది.

కోయడం గురించి ఒక హెచ్చరిక. జాబితా పేజీల్లో పెద్ద వాక్యాన్ని కుదించి చివర చుక్కలు పెట్టడం మామూలే. స్ట్రింగ్‌ను నేరుగా ఆరో స్థానం దగ్గర కోస్తే ఖరగ్‌పూర్ కాస్తా ‘ఖరగ్‌ప’ అవుతుంది. జింజాలోని ట్రంకేట్ ఫిల్టర్ మామూలుగా పదాన్ని మధ్యలో తెంచదు, పట్టని చివరి పదాన్ని వదిలేస్తుంది. ఇంగ్లిష్‌కు అది చాలు. తెలుగులో కాదనడం, లేదనడం వాక్యం చివర వస్తాయి. ‘ఆదివారం వైద్య శిబిరం రద్దు కాలేదు’ అన్న నోటీసులో చివరి మాట పోతే మిగిలేది ‘ఆదివారం వైద్య శిబిరం రద్దు’. అది చదివిన పెద్దాయన ఇంట్లోనే ఉండిపోతాడు. తెలుగు నోటీసులకు యంత్రంతో కుదింపు వద్దు. చిన్న శీర్షికను మనిషే రాయాలి.

ఫోన్, డేటా, భాష ఎంపిక

నాలుగో కొలత పాఠకుడి చేతిలోని ఫోన్. యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. ‘తెలుగు’ అన్న చిన్న మాటకే 18 బైట్లు. ఇది భయపడాల్సిన లెక్క కాదు. వెయ్యి గుర్తుల నోటీసు 3,000 బైట్లే, పంపేటప్పుడు కుదిస్తే ఇంకా తగ్గుతుంది. సర్వర్‌లోనే పూర్తిగా తయారైన హెచ్‌టీఎంఎల్ పేజీ పాత ఫోన్‌లోనూ, సిగ్నల్ సరిగా లేని చోటా తెరుచుకుంటుంది. ఒకసారి వచ్చాక లైన్ పోయినా చదువుకోవచ్చు.

స్ట్రీమ్‌లిట్ పద్ధతి వేరు. ముందు పెద్ద జావాస్క్రిప్ట్ కట్ట దిగాలి, తరువాత సర్వర్‌తో వెబ్‌సాకెట్ సంబంధం నిలబడి ఉండాలి. పాఠకుడు ఒక మీట నొక్కితే మామూలుగా ప్రోగ్రామ్ మొదటి నుంచి చివరి వరకు మళ్లీ నడుస్తుంది. పరిశోధకుడు తన గ్రాఫులను సహచరులకు చూపడానికి ఇది అద్భుతమైన సౌకర్యం. మధ్యాహ్నానికి మొదలుపెట్టి సాయంత్రానికి చూపించవచ్చు. ఊరంతా చదవాల్సిన నోటీసుకు మాత్రం ఇది తగదు.

భాష ఎంపిక కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జాంగో బ్రౌజర్ చెప్పిన భాషను బట్టి పేజీ భాషను నిర్ణయించగలదు. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్ల ఫోన్లు కూడా చాలావరకు ఇంగ్లిష్‌లోనే అమర్చి ఉంటాయి. కాబట్టి దాని మీదే వదిలేయకుండా, ప్రతి పేజీ పైన భాషల పేర్లు వాటి వాటి లిపుల్లో లంకెలుగా ఉండాలి. ఖరగ్‌పూర్‌లో ఒకే ఇంట్లో తాతగారు తెలుగు పేజీ, మనవరాలు బెంగాలీ పేజీ చదవవచ్చు. మార్చుకోవడం ఒక్క నొక్కుతో కావాలి.

ఎదురు వాదనలు

వేగం సంగతి ఏమిటని అడగవచ్చు. టెంప్లేట్ ఇంజిన్లలో ఒకటి మరొకదాని కంటే వేగంగా ఉండటం నిజమే. జింజా టెంప్లేట్‌ను ముందే పైథాన్ కోడ్‌గా మార్చుకుంటుంది కాబట్టి సాధారణంగా జాంగో టెంప్లేట్ భాష కంటే చురుకు. కానీ ఒక ఊరి నోటీసుల పేజీకి సమయం ఎక్కువగా పోయేది డేటాబేస్ దగ్గర, నెట్‌వర్క్ దగ్గర. ఇంజిన్ల మధ్య తేడా పాఠకుడికి తెలియదు.

ట్యాగులను ఫంక్షన్లుగా రాసే పద్ధతిని ఇష్టపడే వారి వాదనలో బలం ఉంది. వేరే టెంప్లేట్ భాష నేర్చుకోనక్కర్లేదు, తప్పులను పైథాన్ సాధనాలే ముందుగా పట్టిస్తాయి, చిన్న భాగాలను తిరిగి తిరిగి వాడుకోవచ్చు. రాసేదీ, నడిపేదీ, దిద్దేదీ ప్రోగ్రామర్లే అయిన చోట నేనూ దాన్ని కాదనను. కానీ విద్యార్థులు కట్టిన పేజీలకు ఒక స్వభావం ఉంది. కట్టినవాళ్లు చదువు ముగించుకుని బెంగళూరుకో, హైదరాబాదుకో వెళ్లిపోతారు. పేజీ మాత్రం ఊళ్లో మిగిలిపోతుంది. వాళ్లు వెళ్లాక కూడా అది బతకాలంటే, మిగిలినవాళ్లు దిద్దగలిగేలా ఉండాలి.

ఇంకొందరు యంత్రానువాదం ఉండగా ఇంత శ్రమ ఎందుకంటారు. చిత్తుప్రతికి అది పనికొస్తుంది. ‘విశాఖపట్నంకు’ లాంటి పొరపాటు నవ్వుకుని వదిలేయవచ్చు. మందు మోతాదులోనో, చివరి తేదీలోనో తప్పు వస్తే వదిలేయడానికి లేదు. దిద్దే మనిషి ఎలాగూ కావాలి.

ఏం ఎంచుకోవాలి

నా సిఫారసు ఇది. వివరాలు వారానికి ఒకసారి మారే పేజీ అయితే సర్వర్‌లో ప్రోగ్రామ్ నడపాల్సిన అవసరమే లేదు. జింజా టెంప్లేట్లతో నాలుగు భాషల హెచ్‌టీఎంఎల్ ఫైళ్లను ఒకసారి తయారుచేసి పెట్టేయండి. ఆటో ఎస్కేపింగ్ ఆన్ చేయడం మాత్రం మరవకండి. చిన్న ఫారం, వెతుకులాట ఉంటే ఫ్లాస్క్, జింజా, బేబెల్ చాలు. పలువురు లాగిన్ అయి సమాచారం చేర్చాల్సిన పేజీ అయితే జాంగో తీసుకోండి. దాని ఖాతా పేరు తనిఖీని మొదటి రోజే మార్చండి. స్ట్రీమ్‌లిట్‌ను ప్రయోగశాలకు, లెక్కల గదికి ఉంచండి.

ఏది తీసుకున్నా మొదటి వారంలో చేయాల్సిన పరీక్ష ఒకటుంది. సీత అనే పేరుతో ఖాతా తెరవండి. ఖరగ్‌పూర్‌ను రెండు రూపాల్లోనూ వెతకండి. ఊరి పేరు చోట విశాఖపట్నం పెట్టి వాక్యం చదవండి. పేరు గడిలో ఒక స్క్రిప్ట్ ట్యాగు రాసి చూడండి. చివరగా, పైథాన్ రాని ఒక తెలుగు మనిషిని కూర్చోబెట్టి, పేజీలో ఒక వాక్యం మార్చమని అడగండి.

1951లో మొదలైన ఐఐటీ ఆ ఊళ్లోనే ఉంది. 2018 జూన్‌లో దేశానికి అంకితమైన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని నడిపేది కూడా ఆ సంస్థే. సాంకేతిక జ్ఞానానికి అక్కడ కొరత లేదు. రైల్వే కాలనీల్లో తెలుగు బాగా వచ్చిన పెద్దలూ ఉన్నారు. ఈ ఇద్దరూ ఒకే ఫైలు ముందు కూర్చోగలిగే ఏర్పాటును ఎంచుకుంటే, 2020లో వచ్చిన గుర్తింపు ఫోన్ తెర దాకా చేరుతుంది.